మత్తు దిగినా... మచ్చ దిగదు!

మద్యం తాగి వాహనం నడిపి శిక్ష పడితే విదేశీ ప్రయాణాలకు చిక్కులే
* సొంత దేశంలో అడుగుపెట్టడం హక్కు... పరాయి దేశంలో అది అనుమతి మాత్రమే
* ఓసీఐ కార్డును ద్వంద్వ పౌరసత్వంగా భావిస్తే పొరపాటే

తెనాలి: అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు చూసి రావాలనుకునే చోట్లలో నయాగరా జలపాతం ముందుంటుంది. ఆ జలపాతం ముందు దిగిన ఫొటోను ముందు గదిలో గోడకు తగిలించుకున్న ఇళ్లు కోస్తా పల్లెల్లో చాలానే కనిపిస్తాయి. జలపాతానికి ఒక ఒడ్డున అమెరికా, మరో ఒడ్డున కెనడా ఉన్నాయి. ఎదురుగా నిలబడి నిండుగా చూడాలంటే కెనడా ఒడ్డుకే వెళ్లాలి. రెండు ఒడ్లనూ కలుపుతూ రెయిన్‌బో వంతెన ఉంది. కాలినడకన కొద్ది నిమిషాల్లో దాటేయవచ్చు. ఎప్పుడో ఒక రాత్రి మద్యం తాగి కారు నడిపి శిక్షకు గురైన వ్యక్తికి మాత్రం ఆ కొద్దిపాటి దూరమే ఏళ్ల తరబడి దాటరానిదిగా మారవచ్చు.

ఇద్దరు అన్నదమ్ములను ఉదాహరణగా తీసుకుందాం. ఇద్దరూ న్యూజెర్సీలో ఉద్యోగాలు చేస్తున్నారనుకుందాం. అన్న మొదట కెనడాలోని టొరంటోకు వెళ్లి అక్కడి పౌరసత్వం పొందాడు. తరువాత అమెరికాకు మారి ఆ దేశ పౌరసత్వం కూడా తీసుకున్నాడు. తమ్ముడు నేరుగా అమెరికా వెళ్లి పౌరుడయ్యాడు. అతని దగ్గర అమెరికా పాస్‌పోర్టుతో పాటు భారత ప్రభుత్వం ఇచ్చిన ఓసీఐ కార్డు ఉంది. ఇద్దరి చేతుల్లోనూ రెండేసి పత్రాలున్నాయి. ఇద్దరూ 2019 తరువాత వేర్వేరు సందర్భాల్లో మద్యం తాగి కారు నడిపి పట్టుబడ్డారు. ఇద్దరికీ న్యూజెర్సీ న్యాయస్థానం జరిమానా విధించింది. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకుని ఇద్దరూ రెయిన్‌బో వంతెన దాటబోయారు. తల్లిదండ్రుల వద్ద కెనడా వీసా ఉంది. అన్నను అధికారులు లోపలికి అనుమతించారు. తమ్ముడిని వెనక్కి పంపారు. చేసిన తప్పు ఒకటే అయినా దారి ఒకరికే ఎందుకు దొరికింది?

హక్కు వేరు... అనుమతి వేరు

పౌరుడు తన దేశంలో అడుగుపెట్టడం అతని హక్కు. కెనడా 1982లో తన రాజ్యాంగంలో చేర్చుకున్న హక్కుల పత్రం ఆరో సెక్షన్ దీన్ని స్పష్టం చేస్తోంది. ప్రతి కెనడా పౌరుడికీ ఆ దేశంలోకి రావడానికి, ఉండటానికి, వెళ్లడానికి హక్కు ఉంటుంది. మద్యం కేసే కాదు, అంతకంటే పెద్ద నేరం చేసినా పౌరుణ్ని సరిహద్దు దగ్గర నిలిపి పొమ్మనే అధికారం అక్కడి అధికారులకు లేదు. అమెరికా పౌరుడికి అమెరికాలో ప్రవేశించే హక్కూ ఇలాంటిదే.

పరాయి దేశస్థుడి సంగతి అది కాదు. వీసా ఉన్నా, వీసా అవసరం లేని దేశపు పాస్‌పోర్టు ఉన్నా అతనికి ఉండేది అనుమతి కోరే అవకాశమే. అనుమతించడం, నిరాకరించడం ఆ దేశ అధికారుల చేతిలో ఉంటుంది. పై ఉదాహరణలో అన్న కెనడాకు సొంత పౌరుడిగా వెళ్లాడు. తమ్ముడు విదేశీయుడిగా వెళ్లాడు. ద్వంద్వ పౌరసత్వం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇంతవరకే. అది రెండు దేశాల్లో ప్రవేశాన్ని హక్కుగా ఇస్తుంది. మూడో దేశంలో అతడూ అందరిలాంటి విదేశీయుడే.

ఓసీఐతో వచ్చే అపోహ

తమ్ముడి లాంటి వారు చాలామంది తమకూ రెండు పౌరసత్వాలు ఉన్నాయనే అనుకుంటారు. ఈ అపోహకు ఒక కారణం ఉంది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఓసీఐ పథకం ప్రారంభమైంది. నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్ తొలి కార్డులను ఆ వేదికపైనే అందజేశారు. అప్పట్లో దీన్ని జనం ద్వంద్వ పౌరసత్వమనే పిలుచుకున్నారు. కార్డు పేరులోనూ పౌరసత్వం అనే మాట ఉండటంతో ఆ భావన స్థిరపడిపోయింది.

చట్టం చెప్పేది వేరు. భారత రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న వెంటనే భారత పౌరసత్వం పోతుంది. పాత భారత పాస్‌పోర్టును అప్పగించాలి. దాచుకుని వాడితే నేరమవుతుంది. ఓసీఐ అనేది జీవితకాలం చెల్లే ప్రవేశ సౌకర్యం. దానితో ఓటు హక్కు రాదు, వ్యవసాయ భూమి కొనే వీలు ఉండదు. ప్రభుత్వం దాన్ని రద్దు కూడా చేయవచ్చు. రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే అవకాశమున్న నేరంలో అభియోగపత్రం దాఖలైనా ఓసీఐ రద్దు చేయవచ్చని 2025 ఆగస్టులో కేంద్ర హోంశాఖ ప్రకటించింది. మొదటిసారి మద్యం తాగి పట్టుబడి జరిమానా కట్టిన వారికి సాధారణంగా అంత ముప్పు రాదు. అదే మత్తులో ఒకరి ప్రాణం తీస్తే పరిస్థితి మారిపోతుంది. హక్కుకు, సౌకర్యానికి ఉన్న తేడా ఇలాంటప్పుడే తెలుస్తుంది.

కెనడా ఎందుకింత కఠినం?

2018 డిసెంబరు 18 వరకు కెనడాలో మద్యం తాగి వాహనం నడిపితే గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. ఆ రోజు నుంచి దాన్ని పదేళ్లకు పెంచారు. పదేళ్ల శిక్షకు వీలున్న నేరాలను ఆ దేశ వలస చట్టం తీవ్రమైన నేరాలుగా పరిగణిస్తుంది. దీంతో మద్యం కేసు ఒక్కసారిగా పెద్ద నేరాల జాబితాలోకి వెళ్లింది. వాస్తవంగా పడిన శిక్ష ఎంతన్నది ముఖ్యం కాదు. కెనడా చట్టంలో ఆ నేరానికి గరిష్ఠంగా ఎంత శిక్ష వేయవచ్చన్నదే లెక్క. జరిమానా కట్టి ఆ రోజే ఇంటికి వచ్చినవాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు.

ఇక్కడే మరో మెలిక ఉంది. న్యూజెర్సీ రాష్ట్రంలో మద్యం తాగి వాహనం నడపడాన్ని వాహన చట్ట ఉల్లంఘనగానే చూస్తారు. క్రిమినల్ నేరంగా లెక్కించరు. ఎడిసన్ చుట్టుపక్కల వేల సంఖ్యలో నివసిస్తున్న తెలుగువారిలో పట్టుబడిన వారు ఎవరైనా ‘అది ట్రాఫిక్ కేసే కదా’ అని ధీమాగా ఉండే ప్రమాదం ఉంది. కెనడా అధికారులు అమెరికా రాష్ట్రం దానికి ఏ పేరు పెట్టిందో చూడరు. అదే పని కెనడాలో చేస్తే నేరమవుతుందా అన్నదే చూస్తారు. అక్కడ ట్రాఫిక్ తప్పు ఇక్కడ తీవ్ర నేరమయ్యేది ఇందుకే.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో పడిన శిక్షకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. మన మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. కెనడాలో ఈ పరిమితి 80 మిల్లీగ్రాములు. అమెరికాలో ఒక్క యూటా తప్ప మిగతా రాష్ట్రాలన్నింటిలోనూ అదే పరిమితి. యూటాలో 2018 చివరి నుంచి 50 మిల్లీగ్రాములే. శ్వాస పరీక్షలో ఎంత నమోదైందన్నది ఇలాంటి సందర్భాల్లో కీలకమవుతుంది. ఆ వివరాలున్న కోర్టు పత్రాలను పారేయకుండా భద్రపరచుకోవాలని చెప్పేది అందుకే.

రెండో పాస్‌పోర్టు మచ్చను దాచదు

ఒక దేశంలో శిక్ష పడితే మరో దేశపు పాస్‌పోర్టుతో ప్రయాణిస్తే సరిపోతుందని కొందరు సలహాలిస్తుంటారు. ఇది ప్రమాదకరమైన సలహా. పాస్‌పోర్టు మారినా పేరు, పుట్టిన తేదీ, వేలిముద్రలు మారవు. అమెరికా నేర రికార్డులను కెనడా సరిహద్దు అధికారులు తమ కంప్యూటర్లలోనే చూడగలరు. కెనడా వివరాలు అమెరికాకూ అందుతాయి. పైగా అనేక దేశాల దరఖాస్తు పత్రాల్లో ‘ఎప్పుడైనా, ఏ దేశంలోనైనా శిక్ష పడిందా’ అన్న ప్రశ్న ఉంటుంది. భారత వీసా దరఖాస్తులోనూ అరెస్టు, విచారణ, శిక్షల గురించి ఇటువంటి ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న అడిగేది మనిషిని. చేతిలో ఉన్న పాస్‌పోర్టును కాదు.

అబద్ధం చెబితే మూల్యం ఇంకా పెద్దది. తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలితే కెనడా అయిదేళ్లపాటు ప్రవేశాన్ని నిషేధిస్తుంది. అమెరికాలో విదేశీయుడు మోసపూరితంగా అబద్ధం చెప్పి వీసా కోరితే జీవితాంతం నిషేధం పడవచ్చు. ఒక్క మద్యం కేసుకు అమెరికా వలస చట్టంలో అంత పెద్ద నిషేధం లేదు. అంటే తాగి నడిపిన తప్పు కంటే దాన్ని దాచిన తప్పే బరువవుతుంది.

సొంత పాస్‌పోర్టునే చూపాలి

ద్వంద్వ పౌరులు ఏ దేశంలోకి వెళ్తుంటే ఆ దేశపు పాస్‌పోర్టు వాడటం మొదటి సూత్రం. అమెరికా పౌరులు ఆ దేశంలోకి రావడానికి, బయటకు వెళ్లడానికి అమెరికా పాస్‌పోర్టు వాడాలని అక్కడి చట్టమే నిర్దేశిస్తోంది. 2016 నవంబరు నుంచి కెనడా కూడా విమానంలో వచ్చే తన ద్వంద్వ పౌరులకు కెనడా పాస్‌పోర్టు తప్పనిసరి చేసింది. అమెరికా, కెనడా రెండింటి పౌరసత్వమూ ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. వారు అమెరికా పాస్‌పోర్టుతోనూ రావచ్చు. మద్యం కేసు ఉన్నవారు ఈ మినహాయింపును నమ్ముకుంటే ఇబ్బందే. అమెరికా పాస్‌పోర్టు ఒక్కటే చూపితే అధికారి ముందు విదేశీయుడిగా, రికార్డున్న వ్యక్తిగా నిలబడాల్సి వస్తుంది. కెనడా పాస్‌పోర్టో, పౌరసత్వ ధ్రువపత్రమో చూపితే ఆ ప్రశ్న తలెత్తదు.

బ్రిటన్ కూడా తన ద్వంద్వ పౌరులకు ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి ఇవ్వదు. వారు బ్రిటిష్ పాస్‌పోర్టుతో గానీ, ప్రవేశ హక్కును ధ్రువీకరించే పత్రంతో గానీ రావాల్సిందే.

పౌరుడికైనా హద్దులున్నాయి

ప్రవేశించే హక్కు ఉందంటే శిక్ష తప్పిపోయినట్లు కాదు. ప్రొబేషన్‌లో ఉన్నవారు న్యాయస్థానం అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదన్న షరతులు ఉండవచ్చు. వాటిని ఉల్లంఘించి విమానం ఎక్కితే వారెంటు జారీ కావచ్చు. సొంత దేశం తలుపు తెరిచే ఉన్నా, బయలుదేరిన దేశం తలుపు మూసి ఉండవచ్చన్న మాట. సరిహద్దుల్లో వరుసలో నిలబడకుండా వెళ్లేందుకు ఇచ్చే గ్లోబల్ ఎంట్రీ, నెక్సస్ వంటి సభ్యత్వాలు మద్యం కేసు ఉన్న పౌరులకూ దక్కకపోవచ్చు. ఉన్నవి రద్దు కావచ్చు. డ్రైవింగ్ లైసెన్సు సస్పెన్షన్‌లో ఉంటే అంతర్జాతీయ పర్మిట్ చేతిలో ఉన్నా అక్కరకు రాదు. అసలు లైసెన్సు చెల్లితేనే పర్మిట్ చెల్లుతుంది.

మూడో దేశాల్లో ఎలా?

అన్ని దేశాలూ కెనడా అంత కఠినంగా లేవు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు ప్రధానంగా 12 నెలలు, అంతకు మించి జైలు శిక్ష పడిందా అని చూస్తాయి. బ్రిటన్‌లోనూ 12 నెలల జైలు శిక్ష ఒక గీత. శిక్ష పడి ఏడాది కూడా కాకుంటే అక్కడ అదనపు ఇబ్బంది ఉంటుంది. జపాన్ చట్టం ఏడాది, అంతకు మించిన జైలు శిక్షను లెక్కలోకి తీసుకుంటుంది. జరిమానాతో, కొద్ది రోజుల జైలుతో ముగిసిన మొదటి కేసుకు ఈ దేశాల్లో సాధారణంగా తలుపులు మూసుకోవు. అయినా దరఖాస్తులో అడిగిన ప్రశ్నకు నిజమే రాయాలి.

మూసిన తలుపు తెరిచే దారులు

తమ్ముడి లాంటి వారికి కెనడా శాశ్వతంగా తలుపు మూయలేదు. మూడు మార్గాలున్నాయి.

ఒకటి, తాత్కాలిక నివాస అనుమతి. పెళ్లి, చావు, ఉద్యోగం వంటి బలమైన కారణం చూపి ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. ఇవ్వడం అధికారి విచక్షణ. అనుమతి గడువు తీరగానే మళ్లీ మొదటికే వస్తుంది.

రెండు, పునరావాస దరఖాస్తు. జరిమానా, ప్రొబేషన్, లైసెన్సు సస్పెన్షన్‌తో సహా శిక్ష మొత్తం పూర్తయ్యాక అయిదేళ్లు గడవాలి. మారిన మనిషినని పత్రాలతో నిరూపించుకోవాలి. తీవ్ర నేరాల విభాగంలో రుసుమే వెయ్యి కెనడా డాలర్లు దాటుతుంది. నిర్ణయం రావడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. ఆమోదం లభిస్తే ఆ కేసు మళ్లీ అడ్డు రాదు.

మూడు, కాలం గడవడం. 2018 డిసెంబరు 18కి ముందు జరిగిన ఒకే ఒక్క కేసు అయి, శిక్ష ముగిసి పదేళ్లు దాటితే దరఖాస్తు లేకుండానే అడ్డంకి తొలగినట్లు పరిగణించే వీలుంది. ఆ తేదీ తరువాత జరిగిన కేసులకు ఈ వెసులుబాటు లేదు. పదేళ్లు కాదు, ఇరవై ఏళ్లు గడిచినా దరఖాస్తు చేసుకోవాల్సిందే.

పౌరసత్వం రాకముందే అయితే...

పౌరసత్వం వచ్చాక మద్యం కేసు సొంత దేశంలోకి రాకుండా ఆపలేదు. రాకముందు అయితే పౌరసత్వానికే అడ్డుపడుతుంది. జిల్లా నుంచి అమెరికా, కెనడాలకు వెళ్లిన విద్యార్థులు, ఉద్యోగులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. అమెరికాలో మద్యం కేసులో అరెస్టయితే శిక్ష పడకముందే వీసాను రద్దు చేసే విధానం 2015 నుంచి ఉంది. లోపల ఉన్నంతకాలం ఉద్యోగం, చదువు సాగవచ్చు. తల్లికి బాగాలేదని ఊరికి వస్తే మాత్రం తిరిగి వెళ్లడానికి కొత్త వీసా కావాలి. అప్పుడు వైద్య పరీక్షలకూ పంపుతారు. పౌరసత్వ దరఖాస్తు పరిశీలించే కాలంలో రెండు మద్యం కేసుల్లో శిక్ష పడితే సత్ప్రవర్తన లేనట్లుగా భావించాలని 2019లో అమెరికా అటార్నీ జనరల్ తీర్పు చెప్పారు. కాదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారుడిపైనే ఉంటుంది.

కెనడాలో శాశ్వత నివాసం పొందినవారికి ముప్పు ఇంకా ఎక్కువ. 2018 డిసెంబరు తరువాతి మద్యం కేసులో శిక్ష పడితే తీవ్ర నేరం కింద ఆ హోదానే పోగొట్టుకుని దేశం విడిచి రావాల్సి రావచ్చు. శాశ్వత నివాసం అన్న మాటలో శాశ్వతం ఉన్నా అదీ అనుమతే.

ఊరికి వచ్చినప్పుడూ...

సెలవులకు వచ్చిన ప్రవాసులు ఇక్కడి పరిమితిని తక్కువగా అంచనా వేస్తుంటారు. అక్కడ 80 మిల్లీగ్రాముల వరకు అలవాటు పడినవారు ఇక్కడ 30 దగ్గరే పట్టుబడతారు. 2019 సవరణ ప్రకారం మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రెండోసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు లేదా పదిహేను వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విదేశీ పాస్‌పోర్టు చూపినంత మాత్రాన కేసు ఆగదు. తిరుగు విమానం తేదీ కోసం కోర్టు వాయిదా ముందుకు జరగదు.

ప్రయాణానికి ముందు గుర్తుంచుకోవాల్సినవి
* కేసులో నేరం అంగీకరించే ముందే వలస వ్యవహారాలు తెలిసిన న్యాయవాదిని సంప్రదించాలి. జరిమానాతో పోతుందని తొందరపడి ఒప్పుకుంటే తరువాత సరిదిద్దుకోవడం కష్టం.
* తీర్పు నకలు, శ్వాస పరీక్ష నివేదిక, జరిమానా రసీదు, ప్రొబేషన్ ముగిసిన పత్రం ఒకచోట భద్రపరచాలి.
* వెళ్లే దేశానికి పౌరులైతే ఆ దేశపు పాస్‌పోర్టు గడువు ముందే చూసుకోవాలి.
* విదేశీయులుగా వెళ్తుంటే టికెట్టు కొనకముందే అనుమతి సంగతి తేల్చుకోవాలి. సరిహద్దు దగ్గర బతిమాలి దాటవచ్చనుకోవడం పొరపాటు.
* దరఖాస్తులో అడిగినదానికి నిజమే రాయాలి.

నయాగరా వంతెన దగ్గర వెనక్కి తిరిగిన తమ్ముడు అమెరికా ఒడ్డునే నిలబడి, అవతలి ఒడ్డున అన్న పక్కన ఉన్న తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా ఎదురుచూడాలి. రేపు టొరంటోలో చెల్లెలి గృహప్రవేశం జరిగినా అతని పీట ఖాళీగానే ఉంటుంది. ఆ రాత్రి ఇంటికి ట్యాక్సీ పిలుచుకుని ఉంటే అయ్యే ఖర్చు కొద్ది డాలర్లే.